వంద రోజుల్లో సున్నా

మంత్రిగారికీ నాకూ ఉన్న చనువు గురించి నా నోటితో నేను చెప్పుకుంటే బాగుండదు. కానీ నిండు సభలో ఆయన నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డ మాట వాస్తవం. కాబట్టి ఆయన సాధించిన ఘనకార్యం గురించి రాయడానికి నాకున్న అర్హత ఇంకొకరికి లేదు.

ఆ ఘనకార్యానికి శ్రీకారం మా ప్రైమరీ స్కూలు ఆవరణలోనే జరిగింది. మంత్రిగారు మైకు పట్టుకుని గర్జించారు.

"చదవలేని పిల్లలు, వినపడని పిల్లలు, నడవలేని పిల్లలు! ఇలా ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ఈ ఒక్క స్కూల్లోనే పదకొండు మంది! నాకు వంద రోజులు టైమివ్వండి. ఈ పదకొండుని సున్నా చేసి చూపిస్తాను!"

చప్పట్లు మోగిపోయాయి. నేనూ కొట్టాను. ఎలా చేస్తారని ఎవరూ అడగలేదు. అంత గొప్ప మాట అన్నాక వివరాలు అడగడం మర్యాద కాదు.

ఆ పదకొండు మందిలో మా మనవరాలు ఒకతి. మూడో తరగతి. ఇంట్లో కందిరీగ అంటాం. వాదనకి దిగితే ప్లీడర్లు పారిపోవాలి. పుస్తకం తెరిస్తే మాత్రం గొంతు పడిపోతుంది.

"నేను చూసేలోపు అక్షరాలు చోట్లు మారుతున్నాయి తాతా!" అంటుంది.

రెండేళ్లపాటు అందరం దాన్ని మొద్దు అన్నాం. నేను చదివిన పల్లెటూరి బళ్లో ఈ జబ్బుకి ఒక్కటే మందు. అది మేష్టారి బల్ల మీద ఉండేది, వెదురుతో చేసేవారు.

తరవాత, మంత్రిగారి సభకి చాలా ముందే, స్పెషల్ టీచరమ్మ వచ్చింది. మెట్లకింద చీపుళ్లు పెట్టుకునే గదిని ఆవిడకిచ్చారు. ఒక పళ్లెంలో ఇసుక పోసి, పిల్ల చేత వేలితో అక్షరం దిద్దించి, దిద్దుతూ దాని శబ్దం పైకి పలికించేది.

"ఇసకలో ఆడుకోడానికి బడి దాకా రావాలా టీచరమ్మా?" అని ఎగతాళి చేశాను.

"మీరూ ఓసారి దిద్దండి తాతగారూ, తప్పు రాస్తే కొట్టన్లెండి" అంది నవ్వుతూ.

ఆరు నెలలకి ఓ సాయంత్రం కందిరీగ బస్టాపులో నిలబడి, బస్సు నొసటనున్న బోర్డు మొదటినుంచి చివరిదాకా చదివింది. అది చదవడం పూర్తయ్యేసరికి బస్సు వెళ్లిపోయింది. బస్సు తప్పిపోయినందుకు అంత సంబరపడటం నా జన్మలో అదే మొదలు.

"ఇంకో ఏడాది, తాతగారూ. తనంతట తనే చదువుకుపోతుంది. మధ్యలో మాత్రం ఆపకూడదు. ఆపితే వచ్చింది కూడా జారిపోతుంది" అంది టీచరమ్మ.

లిస్టులో అయిదుగురైనా పిల్లలుంటేనే ఆ ఉద్యోగం ఉంటుందట. పదకొండు మంది ఉన్నారు కదా, నాకేం దిగుల్లేకపోయింది.

తొంభయ్యో రోజున నేను బడి వరండాలో ఉండగా ఆఫీసరుగారు సర్వే చెయ్యడానికి వచ్చారు. చాలా శాస్త్రీయమైన మనిషి. చేతిలో ఫైలు, ఫైల్లో ఫారాలు. ముందు తరగతివైపు వీపు తిప్పి, బోర్డుకేసి చూస్తూ అన్నారు.

"వినపడని వాళ్లు చెయ్యెత్తండి!"

ఎవరూ ఎత్తలేదు. "వినికిడి సమస్య, నిల్" అని రాసుకున్నారు.

తరవాత మేడమీద కూర్చుని, మెట్లెక్కలేని వాళ్లు పైకొచ్చి పేరు రాయించుకోమని కబురు పెట్టారు. చక్రాల కుర్చీ పిల్ల మొదటి మెట్టు దగ్గర గంటసేపు ఎదురుచూసింది. ఆఫీసరుగారు వాచీ చూసుకుని "ఆసక్తి లేదు" అని రాశారు.

చివరికి అందరికీ తలా ఓ ఫారం పంచారు. అందులో చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: "నాకు చదవడం కష్టంగా ఉంది. ఈ మాట నిజమైతే దీనికింద మూడో గడిలో టిక్కు పెట్టవలెను." చదవడం వచ్చిన పిల్లలు చదివి, నిజం కాదు కాబట్టి వదిలేశారు. రానివాళ్లు చదవలేక వదిలేశారు. కందిరీగ మాత్రం ఊరుకోలేక ఓ పిల్లి బొమ్మ వేసింది.

"చూశారా! మీసాలు కూడా లెక్కగా వేసింది. ఈ పిల్లకి లోటేమిటండీ?" అన్నారు ఆఫీసరుగారు.

హెడ్మాస్టరుగారు చేతులు నలుపుకుంటూ, "అయ్యా, ఫారం నేను చదివి వినిపించనా?" అన్నారు.

"అబ్బే, అది పక్షపాతం అవుతుంది."

సాయంత్రానికి సున్నా వచ్చింది. పదిరోజులు ముందే! వచ్చే సోమవారంనుంచి స్కూలుకి రానక్కర్లేదని టీచరమ్మకి ఆర్డరు కూడా వచ్చింది.

"పిల్లలే లేనప్పుడు టీచరెందుకన్నారు తాతగారూ" అంది ఆవిడ, పళ్లెంలో ఇసుక సంచిలోకి వొంపుకుంటూ. కందిరీగ ఆ సంచి మూతి రెండు చేతుల్తో పట్టుకుని వదల్లేదు. దాని వేళ్లు ఒక్కొక్కటే విడదియ్యాల్సి వచ్చింది. ఆ పని నేను చేశాను.

మర్నాడు ఆఫీసరుగారి ఆఫీసుకి వెళ్లాను.

"మా మనవరాలికి ఇంకా చదవడం రావట్లేదండీ" అన్నాను.

"లిస్టులో లేదే!" అన్నారు ఆఫీసరుగారు.

"లిస్టులో లేదు. ఇంట్లో ఉంది."

"ఇంట్లో ఉంటే సరిపోతుందా పెద్దాయనా? రికార్డుల్లో ఉండొద్దూ?"

"పోనీ, మళ్లీ ఎక్కించండి బాబూ."

"సున్నాని ఒకటి చెయ్యమంటారా?" ఆయన కుర్చీలోంచి సగం లేచారు. "మంత్రిగారికి అవార్డు వస్తోందండీ!"

"మంత్రిగారికీ నాకూ చనువుంది" అన్నాను.

ఈ సందర్భంలో ఆ చనువు గురించి కాస్త విప్పి చెప్పాలి. ఆ సభ రోజున స్టేజీ మెట్టు విరిగింది. మంత్రిగారు పడబోతూ చేతికందినదాన్ని పట్టుకున్నారు. అందింది నా భుజం. నిలదొక్కుకున్నాక చెయ్యి తీసి, రుమాలుతో తుడుచుకున్నారు. మా స్నేహం అంతే. అయినా అంతకంటే తక్కువ పరిచయంతో పనులు చేయించుకున్నవాళ్లు నాకు తెలుసు. తరవాతి వారం తిన్నగా మంత్రిగారి ఆఫీసుకే వెళ్లాను.

తలుపు దగ్గర బిళ్ల బంట్రోతు ఆపాడు.

"అయ్యగారు ముఖ్యమైన మీటింగులో ఉన్నారు."

తలుపు ఓరగా తీసుంది. లోపల పెద్ద బల్ల. బల్ల మీద పళ్లెం. పళ్లెంలో ఇసుక. పక్కన కుర్చీలో మా టీచరమ్మ. మంత్రిగారు నాలిక కొస పళ్లమధ్య పెట్టుకుని, వేలితో దిద్దుతున్నారు.

"తొందర లేదు సార్. ఇందులో సిగ్గుపడేదీ లేదు. వేలు కదుపుతూ శబ్దం పలకండి" అంటోంది టీచరమ్మ.

"సు... సున్... సున్నా!" అన్నారు మంత్రిగారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"బాగా వచ్చింది సార్."

బంట్రోతు నా చెవిలో గర్వంగా చెప్పాడు. "అవార్డు ఫంక్షన్లో అయ్యగారు స్వయంగా చూసి చదవాలట. ఇన్నాళ్లూ పీయేగారు వినిపిస్తే బట్టీ పట్టేవారు. మొన్న ఆఫీసరుగారే ఈ టీచరమ్మని వెతికి పంపించారు. ఎంత మార్పనుకున్నారు!"

"ఎన్నాళ్లుంటుంది ఇక్కడ?"

"ఏడాదైనా పడుతుందట. మధ్యలో ఆపకూడదట."

అప్పుడు టీచరమ్మ నన్ను చూసి తల దించుకుంది. మంత్రిగారూ చూశారు. నేను సంగతంతా చెప్పాను. ఆయన లేచి, బల్ల చుట్టూ తిరిగి నా దగ్గరికొచ్చి, "సోమవారంనుంచి టీచరమ్మ మళ్లీ మీ స్కూల్లోనే ఉంటుంది" అన్నారు.

ఇందులో నేను కల్పించింది ఆ ఆఖరి ముక్క ఒక్కటే: నేను సంగతి చెప్పడం, మంత్రిగారు లేచొచ్చి ఆ మాట అనడం. ఆయన లేవలేదు. నేను నోరు తెరిచేలోపు బంట్రోతు చేత తలుపు మూయించారు. మిగతాదంతా కళ్లతో చూసింది, చెవులతో విన్నది.

ఆ ఒక్కటీ కల్పించడానికి కారణం ఉంది. నేను రాసిన ఈ కాగితాలు మా కందిరీగ చదువుతానని పట్టుబట్టింది. టీచరమ్మ ఉన్నప్పుడు రోజుకి నాలుగు లైన్లు లాగేది. ఇప్పుడు ఒకటి. ఈ నడకన అది ఆ మాట దాకా రావడానికి మూడు నెలలైనా పడుతుంది. ఈలోగా ఎవరైనా దాన్ని నిజం చేస్తే నా పరువు దక్కుతుంది.