ఎవరి మబ్బు వాళ్లదే

ఒక పెద్ద అడవిలో వాగు ఎండిపోయింది. ఎందుకు ఎండిందో గట్టు వెంట నడిచి చూస్తే ఒక్క పూటలో తేలిపోయేదే. కానీ నడిచి చూడడం పాతకాలం పద్ధతి. అందుకని పెద్దపులిగారు వర్క్‌షాప్ పెట్టించారు.

ఆకాశంలో తిరిగే ఉపగ్రహం అడవిని ఫొటోలు తీసి పంపుతుంది. జంతువులన్నీ కలిసి ఒకే కోడ్ రాసి, ఆ ఫొటోల్లోంచి నీళ్లెక్కడున్నాయో, పచ్చదనం ఎక్కడుందో పటం గీయించాలి. అదీ పని.

నీటికుక్క సుభద్ర అందరికంటే ముందొచ్చి కూర్చుంది. దిగువ మడుగు బురదైపోయింది. దాని పిల్లలకు ఇంకా ఈత రాదు. ఈత రాని నీటికుక్కలంటే లోకం నవ్వదూ? పటం వస్తే నీళ్లెక్కడ ఆగాయో తెలుస్తుందని పాపం దాని ఆశ.

పాఠం చెప్పడానికొచ్చిన కొండముచ్చు మాస్టారు అందరి మెడల్లోనూ పేర్ల బిళ్లలు వేయించి, రెండుసార్లు టీ తాగించి, అప్పుడు గొంతు సవరించుకున్నారు.

"మబ్బు అడ్డం పడితే కింద ఏముందో ఫొటోలో కనబడదు. అలాంటి చోటు మబ్బని కోడ్‌లో రాసేయండి. కోడ్ దాన్ని తుడిచేసి, పక్కనున్న రంగుతో పూడ్చేస్తుంది. ఇంకోమాట. ఇది అందరి కోడ్. ఎవరి లైను వాళ్లు రాసుకోండి. పక్కవాళ్ల లైను మీద చెయ్యేస్తే మర్యాదగా ఉండదు."

"మరి అది మబ్బో కాదో ఎవరు చూస్తారండీ?" అంది అడవిపంది వెంకటరత్నం.

"ఎవరూ చూడరు. కలిసి పనిచేయడమంటే నమ్మకం!" అన్నారు మాస్టారు.

ఆ మాట చెవిన పడగానే హాలంతా హుషారెక్కింది. ఏనుగు తాను తొక్కేసిన వెదురుపొద మీద ఒక మబ్బు వేసింది. పంది దుంపల కోసం కుళ్లగించిన కొండవాలంతా మబ్బులు పరిచింది. మొసలి భూషణం ఎగువన వాగుకి కట్ట వేసుకుని సొంత చెరువు చేసుకుంది. ఆ కట్టకీ, కింద ఎండిన వాగంతటికీ కలిపి ఒకే పొడుగాటి మబ్బు లాగించింది.

పక్కనే కూర్చున్న సుభద్ర ఉలిక్కిపడింది. "మావయ్యా, అది మబ్బు కాదు, అడ్డుకట్ట!"

"నెమ్మదిగా అనమ్మా," అంది మొసలి. "పులిగారి గుంటలో చేపలు రోజురోజుకీ తరిగిపోతున్నాయట. ఆ గుంట మీద బుల్లి మబ్బు ఎవరు పెట్టారో?"

సుభద్రకి సిగ్గేసింది, కోపమూ వచ్చింది. రెండూ మింగేసి ఇంకో టీ తాగింది.

పటం దివ్యంగా వచ్చింది. అడవంతా పచ్చగా ఉంది, మొసలి చెరువు నీలం కిందిదాకా పాకి వాగు నిండుగా ఉంది. పులిగారు మురిసిపోయి అందరికీ సర్టిఫికెట్లు పంచి, పటాన్ని అన్ని అడవుల పెద్దసభకి పంపారు. సభనుంచి వెంటనే కబురొచ్చింది: "మీ అడవి కళకళలాడుతోంది. కరువులో ఉన్న పక్క అడవి దున్నల మందలన్నీ పిల్లాపాపలతో మీ దగ్గరికి బయల్దేరాయి. ఆదరించగలరు."

అంతే, అడవి గుండెల్లో రాయి పడింది. సరిహద్దులో దుమ్ము లేస్తుంటే అందరూ పరుగున ఎదురెళ్లారు.

"తినడానికేమీ లేదు బాబూ! వెదురంతా నేనే తొక్కేశాను!" అంది ఏనుగు.

"దుంపలన్నీ నేనే బొక్కేశాను, ఒట్టు!" అంది పంది.

"గుంటలో చేపలు మా ఇంటిల్లిపాదీ తినేశాం!" అంది సుభద్ర. పులిగారు దానివైపు గుర్రుగా చూశారు గానీ, అంత మంద ముందు ఏమంటారు?

మొసలి అందరినీ మించిపోయింది. "తాగడానికి చుక్క లేదు! వాగుకి నేనే కట్ట వేశాను, కావాలంటే వచ్చి చూసుకోండి!"

"కట్టేనా? ఇంతోటి దానికి ఏడుపెందుకు?" అంది మందపెద్ద. దున్నలన్నీ ఎగువకి వెళ్లి కుమ్మితే కట్ట పిండిపిండైపోయింది. వాగు గలగలా దిగువకి దూకింది. సుభద్ర పిల్లలు ముందు భయపడి తల్లి వీపెక్కాయి, తర్వాత దిగమన్నా దిగకుండా, ఆపైన నీళ్లలోంచి రమ్మన్నా రాకుండా దాన్ని చంపుకుతిన్నాయి. దానికి పట్టరాని సంతోషం.

నీతి: నిజం ఒప్పుకోవడానికి మనస్సాక్షి అక్కర్లేదు, మూటాముల్లెతో చుట్టాలు దిగితే చాలు.