పది నుంచి అయిదు వరకు రోజీ

మనిషి ఆఫీసులో ఉన్నాడని రుజువు కావాలంటే ఆ మనిషే ఆఫీసులో ఉండాలనుకోవడం అనాగరికుల అభిప్రాయం. నాగరికత బాగా ముదిరిన చోట అందుకు కండువా చాలు.

ఈ సంగతి లోకంలో అందరికంటే ముందు గ్రహించింది మూడో నంబరు పడవల లైసెన్సు ఆఫీసు. ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే, ఉప్పుమడులకూ సరుగుడు తోపులకూ నడుమ, కాలువ ఒడ్డున ఒక పెంకుటింట్లో ఉండేది అది. (ఒకటో నంబరు, రెండో నంబరు ఆఫీసులు ఎక్కడున్నాయో కనుక్కోవడానికి 1957లో ఒక ఫైలు తెరిచారు. ఆ ఫైలు ఎక్కడుందో కనుక్కోవడానికి 1960లో ఇంకొకటి తెరిచారు.) కాలువలో తిరిగే ప్రతి పడవ కాగితం మీదా ఏడాదికొకసారి ముద్ర వెయ్యడం ఆ ఆఫీసు చేసే పని. మిగతా పనులన్నీ ఈ పని చెయ్యకుండా ఉండటానికి సంబంధించినవి.

గుమాస్తాలు ఏడుగురు, కుర్చీలు ఏడు. పొద్దున పదింటికి వచ్చి కుర్చీ వీపు మీద కండువా వేస్తే ఆ మనిషి సాయంత్రం అయిదు దాకా సీట్లో ఉన్నట్టే. ఆ తర్వాత అతను టీ తాగడానికి పోయినా, చిల్లకూరులో బావమరిది పొలానికి నాట్లు వేయించడానికి పోయినా రికార్డు ప్రకారం ఎక్కడికీ కదల్లేదు. సూపరింటెండెంటు సంజీవరావుగారు రోజూ పదకొండింటికి తన గది కిటికీలోంచి తొంగి చూసి కండువాలు లెక్కపెట్టేవారు. ఏడు కండువాలుంటే ఏడుగురు మనుషులు. ఈ ఏర్పాటు మీద పదేళ్లలో ఒక్క ఆక్షేపణ కూడా నమోదు కాలేదు. (ఆక్షేపణలు నమోదు చేసే గుమాస్తా కండువా చాలా మంచిది, ఎవరినీ ఏమీ అనేది కాదు.)

ఈ ఏడుగురిలో జీవానందానికి మాత్రం ఒక బలహీనత ఉండేది. కుర్చీ మీద కండువా వేసి, అదే కుర్చీలో తనూ కూర్చునేవాడు. పెళ్లికాని మనిషి, తల్లి పోయి ఏడాది అయింది, ఇంటికి పోయి మాత్రం చేసేదేముందిలే అని తోటివాళ్లు పెద్దమనసుతో సర్దుకుపోయారు. ఆఫీసు వెనక నలభై అడుగుల దూరంలో అతని క్వార్టరు. గిన్నె కింద పడితే ఏమైందని అడిగే దిక్కులేని ఇల్లు.

1961 కార్తీకంలో, వానలు పట్టుకున్న రోజుల్లో, మద్రాసుకు సరుగుడు కట్టెలు తీసుకుపోయే పడవేదో ఒక కుక్కపిల్లను ఒడ్డున మరిచిపోయి వెళ్లిపోయింది. జీవానందం దాన్ని చొక్కాలో చుట్టి ఇంటికి తెచ్చి, తుడిచి, పాలు పోసి, రోజీ అని పేరు పెట్టాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మాటలు వినపడసాగాయి. అన్నీ జీవానందం మాటలే. కూరలో ఉప్పెక్కువైందనీ, పక్కింటి మగ్దలీనమ్మ మేక మళ్లీ కొయ్యగుంజ పీకిందనీ చెప్పేవాడు. రోజీ చెవులు రిక్కించి వినేది. నలభై అయిదేళ్ల మనిషి, ఆ పిల్లంటే ప్రాణం పెట్టేశాడు. సిగ్గుపడలేదు కూడా.

చిక్కు పది గంటలకు వచ్చేది. జీవానందం తలుపు గడియపెట్టి నలభై అడుగులు నడిచేలోగా రోజీ ఏడుపు మొదలుపెట్టేది. ఆపకుండా, గొంతు మార్చుకుంటూ, సాయంత్రం అయిదు దాకా ఏడ్చేది. అంత నిక్కచ్చిగా ఆఫీసు వేళలు పాటించిన ప్రాణి ఆ ఆవరణలో అంతకు ముందెన్నడూ లేదు. సంజీవరావుగారికి మధ్యాహ్నం పూట ఫైళ్లు చూసే అలవాటు. (కళ్లు మూసుకుని చూసేవారు.) మూడో రోజున ఆయన చూపు చెదిరిపోయి మెమో ఇచ్చారు.

"సర్కారు క్వార్టరులో నివసించు శునకము పది గంటలు మొదలు అయిదు గంటల వరకు ఏకాంతమును సహించవలెను. పదునైదు దినములలో సహించుట నేర్వనిచో దానిని ఆవరణనుండి తొలగించవలెను."

"తొలగించడమంటే యాడికి సార్?" అని అడిగాడు జీవానందం.

సంజీవరావుగారు వరండా వైపు చూపించారు. అక్కడ ముత్యాలయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. కట్టెల పడవ అతనిది, మూడు వారాలుగా లైసెన్సు కాగితం మీద ముద్ర కోసం వస్తున్నాడు. "ఆయన మద్రాసు పోతాడు గదా. దీన్నీ ఎక్కించేద్దాం. పదహారో రోజుకు ఆయన కాగితం నేనే దగ్గరుండి ఇప్పిస్తా."

మూడు వారాల్లో కాని పని కుక్కను పంపించడానికైతే ఒక్క రోజులో అవుతుందని విని ముత్యాలయ్య ఏడుపు వినపడుతున్న క్వార్టరు వంక కొంచెం గౌరవంగా చూశాడు. జీవానందానికి మాత్రం ఆ పూట అన్నం దిగలేదు.

మగ్దలీనమ్మ ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. గోడ మీంచి తల పెట్టి, "చంటిబిడ్డను ఉయ్యాల్లో ఏసి పొయ్యేటప్పుడు తల్లి కట్టి విడిచిన చీర ఏసి పోతుంది గదా నాయనా. నువ్వు మేన ఏసుకునే గుడ్డ ఏదన్నా దాని కాడ పెట్టి పో" అన్నది.

చాకలి మస్తానయ్య దగ్గర్నుంచి వచ్చిన చొక్కా పెడితే రోజీ దాన్ని మూతితో పక్కకు నెట్టేసింది. జీవానందం మేనివాసన అంటుకున్న గుడ్డ ఆ ఇంట్లో ఒక్కటే, ఆరేళ్ల నుంచి భుజాన వేసుకుంటున్న పచ్చంచు కండువా. మర్నాడు దాన్ని నేల మీద పరిచి ఆఫీసుకు పోయాడు. రోజీ దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, దాని మీద పడుకుని, కిక్కురుమనలేదు.

పదకొండింటికి సంజీవరావుగారు కిటికీలోంచి చూసి ఆరు కండువాలు లెక్కపెట్టారు. పదకొండుంబావుకు జీవానందానికి మెమో వచ్చింది. సీట్లో లేనందుకు సంజాయిషీ ఇవ్వవలెను. జీవానందం సీట్లోంచి లేచి, ఆ మెమో పుచ్చుకుని లోపలికి పోయాడు.

"నేను సీట్లోనే ఉన్నాను సార్. ఇదో, ఇట్ట నిలబడుండాను గదా."

"ఉన్నావయ్యా. నేను కాదన్నానా? కండువా లేదు. రేపు పైవాళ్లొచ్చి అడిగితే ఏం చూపించమంటావ్, నిన్నా?"

ఆ మధ్యాహ్నం జీవానందం నెల్లూరు పోయి (కండువా లేదు గనుక అడిగేవాళ్లూ లేరు) కొత్త కండువా కొనుక్కొచ్చి మర్నాడు కుర్చీ మీద వేశాడు. ఎర్రంచు చూసిన సంజీవరావుగారు ఆ సీట్లోకి ఎవరో కొత్తాయన వచ్చారనుకుని, ఉద్యోగంలో చేరినట్టు కాగితం ఇమ్మని ఆయనకు కబురు పంపారు. సరే, ఎర్రంచుది రోజీకి, పచ్చంచుది ఆఫీసుకూ అని తిరగేసి చూశాడు. రోజీ కొత్త కండువాను వాసన చూసి, తుమ్మి, పదీ అయిదుకు ఏడుపు అందుకుంది. మనుషుల్ని గుర్తుపట్టే విషయంలో కుక్కపిల్లా సర్కారూ ఒకే పద్ధతి పాటిస్తున్నట్టు దీనివల్ల తేలింది.

హెడ్‌గుమాస్తా ఓబులేసు జాలిపడి, కండువాను నిలువునా రెండు చెయ్యమన్నాడు. చేశారు. ఆఫీసు సగం కండువాను చూసి జీవానందానికి పూట సెలవు రాసుకుంది. రోజీ సగం కండువా మీద మధ్యాహ్నం దాకా ఊరుకుని, రెండింటి నుంచి ఏడ్చింది.

"ఇట్ట కాదులే జీవానందం," అన్నాడు ఓబులేసు. "ఒంటరిగా ఉండటం అలవాటు చెయ్యాల. అది నాకొదిలిపెట్టు. ముగ్గురు సూపరింటెండెంట్లకు అలవాటు చేసినోణ్ణి నేను. మొదలు అయిదు నిమిషాలు పోతావు. ఊరుకుంటారా, మర్నాడు అర్ధగంట పోతావు. ఆ మర్నాడు పూట. నెలకంతా బెల్లు కొట్టడం మానేస్తారు. సంజీవరావుగారైతే ఇరవై రోజుల్లోనే నేర్చుకున్నాడు. తెలివైనోడు."

ఇందులో నిజముంది. బుధవారం పొద్దున ఓబులేసు రోజీ ఎదుట కూర్చుని, ఒక అటుకుల ఉండ పెట్టి, "అయిదు నిమిషాల్లో వస్తా" అని చెప్పి బయటికి నడిచాడు. గురువారం పదకొండింటికి వచ్చాడు. వెళ్లిపోవడంలో అతనికి ఇరవై రెండేళ్ల అనుభవం. తిరిగి రావడంలో బొత్తిగా లేదు.

బుధవారం అయిదింటికి జీవానందం ఇంటికి పోయేసరికే రోజీ గొంతు పోయి, ఏడుపు కూడా రాక తలుపు గీరుతున్నది. జీవానందం దాన్ని ఒళ్లో పెట్టుకుని గడప మీద కూలబడ్డాడు. అతని కళ్లు తడిసి ఉండటం మగ్దలీనమ్మ చూసింది, చూడనట్టు సూదీ దారం తెచ్చి రెండు ముక్కల కండువాను కుట్టసాగింది.

"పొయ్యేది ఎవురైనా పోతారు అబ్బయ్యా," అన్నది. "వొస్తానన్న పొద్దుకు రావాల. పదిసార్లు వొస్తే పదకొండోసారి అది ఏడవదు. నువ్వు పో, అది నోరు తెరిచేలోగా రా. పొయ్యేటప్పుడు ముద్దుజెయ్యబాక, వొచ్చినాక గోల జెయ్యబాక. నీళ్లకు పోయొచ్చినట్టు రా."

గడువుకు ఇంక పది రోజులున్నాయి. జీవానందం పది రోజులు సెలవు పెట్టాడు. పెట్టాక ఒక ఇబ్బంది కనిపించింది. రోజీ ఒంటరిగా ఉండాలంటే అతను ఇంట్లో ఉండకూడదు, పోవడానికి ఆఫీసు తప్ప అతనికి మరో చోటు లేదు. అందుచేత సెలవు పెట్టి, రోజూ ఆఫీసుకొచ్చి, తన కుర్చీలో కూర్చుని తన పని చేసుకున్నాడు. కండువా ఇంటి దగ్గర రోజీ కింద ఉంది. సెలవులో ఉన్నాడు గనుక మెమో ఇవ్వడానికి వీల్లేదు. లేని మనిషి గనుక లేచి పోయినా అడగడానికి వీల్లేదు. ఉద్యోగంలో చేరిన పద్దెనిమిదేళ్లలో అంత స్వేచ్ఛ అతను ఎరగడు.

మొదటి రోజు రెండు నిమిషాలకొకసారి పోయి వచ్చాడు. తలుపు తీసేవాడు, కుండలో నీళ్లు తాగేవాడు, మళ్లీ వచ్చేసేవాడు. మూడో రోజుకు పది నిమిషాలైంది. వరండాలో ఊరికే కూర్చున్న ముత్యాలయ్య ఈ రాకపోకలన్నీ చూసి, పడవ తెరచాప కొయ్య నీడను బట్టి వేళ చెప్పే పని తనంతట తానే పెట్టుకున్నాడు.

"అయ్యా, అర్ధగంటయింది. పోయి ఒకసారి మొకం చూపించి రాండి."

"నీ కాగితం ఏమైంది ముత్యాలయ్యా?"

"ఓబులేసుగారి సొరుగులో ఉండాది. ముద్ర కూడా ఆడే ఉండాది. రెండూ ఒకే సొరుగులో ఉండాయని చెప్పినారు, సంతోషం." తర్వాత గొంతు తగ్గించి, "నాకు తొందర లేదులే. నా కాగితం వొస్తే ఆ పిల్లను ఎక్కిస్తారంట గదా" అన్నాడు.

ఏడో రోజుకు రోజీ గంటసేపు ఊరుకున్నది. తొమ్మిదో రోజున జీవానందం మధ్యాహ్నం భోజనానికి పోయి తలుపు తీస్తే, అది కండువా మీంచి తల కూడా ఎత్తకుండా తోక ఒక్కటి నేలకేసి కొట్టి మళ్లీ కళ్లు మూసుకున్నది. నువ్వొస్తావని నాకు తెలుసులే అన్నట్టు. జీవానందం ఆ రోజు భోజనం మాట మరిచిపోయాడు.

పదిహేనో రోజు పరీక్ష. సంజీవరావుగారు స్వయంగా క్వార్టరు పక్కనే వేపచెట్టు కింద పడకకుర్చీ వేయించుకుని, ఏడుపు వినపడితే రాసుకోవడానికి ఒక రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పదింటికి జీవానందం గడియ పెట్టి, వెనక్కి చూడకుండా నలభై అడుగులు నడిచి కుర్చీలో కూర్చున్నాడు. పన్నెండైంది, రెండైంది, నాలుగైంది. ఆవరణ మొత్తం మీద సంజీవరావుగారి గురక తప్ప వేరే శబ్దం లేదు. అయిదు కొట్టగానే జీవానందం పరుగు లాంటి నడకతో పోయి తలుపు తీశాడు. రోజీ ఒళ్లు విరుచుకుని, ఆవలించి, అప్పుడు మాత్రం ఎగిరి అతని మోకాళ్ల మీద పడింది. గోల చెయ్యవద్దన్న మగ్దలీనమ్మే గోడ అవతల చప్పట్లు కొట్టింది.

సంజీవరావుగారు మేలుకుని, ఖాళీ రిజిస్టరును ఒకటికి రెండుసార్లు సరిచూసి, అక్కడికక్కడే ఉత్తర్వు రాశారు. "శునకము ఏకాంతమును తృప్తికరముగా సహించినది. క్వార్టరునందు కొనసాగవచ్చును." జీవానందం ఆ కాగితాన్ని రోజీకి చూపించాడు. అది వాసన చూసి ఆమోదించింది.

ఉత్తర్వు మీద సిరా ఆరుతుండగా సంజీవరావుగారికి ఈ శిక్షణ జిల్లా అంతటా జనానికి కూడా ఇప్పించవచ్చునన్న ఆలోచన వచ్చింది. ఆయన ముత్యాలయ్యను పిలిచారు.

"చూశావా? నోరులేని జీవం. తలుపేసి పోతే, ఎదురుగా కండువా చూసుకుని రోజంతా నెమ్మదిగా పడుంది. నువ్వు అయిదు వారాల నుంచి అదే కండువాల ముందు కూర్చున్నావు, రోజుకు నాలుగుసార్లు ముద్ర ముద్ర అంటావు. దానికున్న ఓర్పు నీకెందుకు లేదయ్యా?"

ముత్యాలయ్య లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా చెప్పాడు.

"దానికి అయిదింటికి మనిషి వొస్తాడు గదయ్యా."