ఐసు సరుకు

ఆ శుక్రవారం పొద్దున్న సత్యారావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ల్యాప్‌టాప్ కొనాలి, ఇంటికి తేవాలి, కూతురి పెట్టెలో పెట్టాలి, అన్నం తిని ఓ కునుకు తీయాలి. మర్నాడు సాయంత్రం కూతురు మహాలక్ష్మి ఓడెక్కి విశాఖపట్నం వెళ్తోంది, ఇంజనీరింగు చదవడానికి. పోర్ట్ బ్లెయిర్ పక్కన బ్రూక్షాబాద్‌లో వాళ్ళ వీధి నుంచి సముద్రం దాటి చదువుకి వెళ్తున్న మొదటి పిల్ల. ల్యాప్‌టాప్ లేకుండా కాలేజీకి రావద్దన్నారు. తీరా అక్కడికెళ్ళాక అది మొరాయిస్తే పోర్ట్ బ్లెయిర్ షాపుకి మళ్ళీ ఎవరు తెస్తారు? మంచీ చెడూ ఓడెక్కేలోపే తేలాలి. ఆ పిల్ల బెంగంతా అదే.

చిక్కల్లా ఇంట్లో భార్య బుల్లమ్మ ఉండడమే. ముప్ఫై ఏళ్ళుగా చేపలమ్మిన మనిషి. మొప్ప ఎత్తి చూసిందంటే ఆ చేప ఏ పూట చచ్చిందో చెప్పేస్తుంది. తనకి పాత సరుకు అంటగట్టే మగాడు అండమాన్లో ఇంకా పుట్టలేదంటుంది. ఎవరూ కాదనరు. కత్తిపీట ముందు కూర్చున్న మనిషిని కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

సత్యారావు తెచ్చిన డబ్బా విప్పి ల్యాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టేసరికి మూత మీద సన్నగా చెమట పట్టింది. షాపులో ఏసీ చలి, బయట ఉక్క, పట్టదా మరి! బుల్లమ్మ వేలితో తుడిచి చూసింది. ఆమె ముఖం మాడిపోయింది.

“ఇది ఐసులో ఎట్టిన సరుకు.”

“ఐసేంటే నీ మొహం! ఏసీ షాపులోంచి తెచ్చాను.”

“తాజా సరుకుని ఐసులో ఎవుడెడతాడయ్యా? నిలవున్నదాన్నే ఎడతాడు.”

“అమ్మా, డబ్బాకి సీలుంది. నేనే కోశాను” అంది మహాలక్ష్మి.

“సీలు డబ్బాకే గదే? సరుక్కుందేటి?”

బుల్లమ్మ దాన్ని తిరగేసింది. గాలి పోయే సందులు కనబడ్డాయి. ఇంకేం, మొప్పలు దొరికినట్టే! ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి పెదవి విరిచింది. తర్వాత చేపని నొక్కినట్టు మీటలన్నీ వరసగా నొక్కింది. అప్పుడే వంజరం కోసి లేచొచ్చిన చేతులవి. ఒక పొలుసు జారి, అడుగు వరసలో ఉన్న పొడుగాటి మీట కిందకి పోయింది. మళ్ళీ నొక్కితే అది లేవలేదు.

“సూశావా, మెత్తబడిపోనాది!” అంది విజయగర్వంతో.

సత్యారావు కునుకు ఆశ వదులుకున్నాడు. బుల్లమ్మ తమ్ముడు నూకన్నకి కబురెళ్ళింది. డింగీ పడవలకి ఇంజన్లు బాగుచేసే నూకన్న స్క్రూడ్రైవర్‌తో సహా వచ్చాడు. ఇంజన్లకి సరిపోయే సైజు అది.

“కొత్తదో పాతదో మరలే సెప్తాయప్పా. ఇంతకుముందు ఎవుడైనా ఇప్పుంటే గీతుంటాది” అని అక్కకి చెప్పి మొదటి మర తిప్పి చూశాడు. “అదిగో గీత!”

“ఆ గీత నువ్వే పెట్టావు మామా! ప్లీజ్, ఛోడ్ దో!”

“దీనికి నానే ఎట్టానమ్మా, కాదన్ను. రెండోదానికి సూద్దాం.”

రెండోదానికీ గీత ఉంది. నూకన్న నిజాయితీపరుడు, సగంలో వదిలేసే రకం కాదు. పది మరలూ తిప్పి చూశాడు. పదింటికీ గీతలున్నాయి. ఇక పాత ఇంజనైతే వేడెక్కిపోతుందని, దాన్ని డాబా మీద ఎండలో పెట్టి రెండు గంటలు నడిపించాడు. వేడెక్కింది.

“నా ల్యాప్‌టాప్‌ని చంపేశారు” అని మహాలక్ష్మి భోరుమంది. ఆ ఏడుపు చూసిన బుల్లమ్మ, నా బిడ్డకి కుళ్ళు సరుకు అమ్ముతాడా అని షాపువాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది.

మర్నాడు షాపు తెరిచేసరికి నలుగురూ అక్కడున్నారు. యజమాని ల్యాప్‌టాప్ చేతిలోకి తీసుకుని ముక్కు మూసుకున్నాడు.

“యే క్యా హై భయ్యా? ఇలాంటి మాల్ నా దుకాణంలో ఉండదు. ఇంట్లో పాతది తెచ్చి నా దగ్గర కొత్తది కొట్టేద్దామనా? ఇది రెండేళ్ళు వాడిన సరుకు!” అని పదిమందీ వినేలా అరిచాడు.

బుల్లమ్మ ముఖం వెలిగిపోయింది. “అదీ మాటంటే! నాను నిన్నట్నించీ సెప్తన్నాను, ఎవులూ ఇన్రు. రెండేళ్ళేనా సేఠ్?”

“రెండున్నర! నేను రాసిస్తాను!”

మహాలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. ల్యాప్‌టాప్ తిరగేసి, దాని పక్కన బిల్లు పెట్టింది. “రెండు చోట్లా నంబరు చదవండి భయ్యా. నిన్న మీరే రాశారు.”

యజమాని చదివాడు. మళ్ళీ చదివాడు. రెండూ ఒకటే నంబరు. వెనకాల డబ్బు కట్టేసి వెళ్ళిపోతున్న ఒకాయన ఆగి, తన డబ్బా తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. “నాది ఎన్నేళ్ళు వాడారో కూడా చెప్పు భాయ్” అన్నాడు.

రెండు నిమిషాల్లో సీలు తియ్యని డబ్బా మహాలక్ష్మి చేతిలో ఉంది. సాయంత్రం ఓడ దగ్గర “ఒక్కపాలి మొప్పలు సూడనీవే” అని తల్లి ఎంత బతిమాలినా ఆ పిల్ల డబ్బాని గుండెలకి హత్తుకునే మెట్లెక్కింది. దీవి కంటికి ఆనకుండా పోయాకే సీలు కోసింది.

బుల్లమ్మ పేరు మార్కెట్టంతా మారుమోగింది. పది రోజులకి పక్కింటి కాళమ్మ తన కొడుకు కొన్న కొత్త ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. అదే షాపులోదట, చివరి పీసట, తెచ్చి రెండు రోజులైందట. బుల్లమ్మ మూత తడిమింది. చెమట లేదు. సందుల దగ్గర వాసన చూసి కళ్ళు మూసుకుంది.

“ఇదీ సరుకంటే! ఐసు తగల్లేదు. వంజరం వాసనొస్తంది.”

ఎందుకైనా మంచిదని నూకన్న దాన్ని తిరగేసి, పది మరల మీదా పది గీతలనీ శ్రద్ధగా పరీక్షించాడు.

“బిగించినోడు మంచి పనోడప్పా” అన్నాడు.