సైరన్ పక్షం దాతలు

ఆదివారం ఓటింగ్. శుక్రవారం పొద్దున అహరోను పెట్టుకున్న పని ఒక్కటే: చిట్కుల్ నుంచి ఇస్నాపూర్ చౌరస్తా దాకా వెళ్లి ఒక ఫ్లెక్సీకి ఆర్డరిచ్చి, ఎండెక్కకముందే ఇంటికి చేరడం.

ఆ ఓటింగు కార్మికుల కాలనీలోని సైరన్ గురించి. ఫ్యాక్టరీ మూతపడి పన్నెండేళ్లయింది. సామానంతా తుక్కు కింద అమ్మేసిన రోజున కార్మికులు తలా కొంత వేసుకుని సైరన్‌ను మాత్రం కొనుక్కొచ్చి, కాలనీ హాలు మీద బిగించుకున్నారు. అప్పటినుంచి పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి అది కూస్తూనే ఉంది. ఎక్కే షిఫ్టు లేదు, దిగే షిఫ్టు లేదు. అయినా ఆ కూత వింటే చాలు, అహరోనుకు ముప్పై ఏళ్ల ఫిట్టరు ఉద్యోగం గ్రీజు వాసనతో సహా కళ్ల ముందుకు వచ్చేది.

కాలనీలో సగంమంది ఇక చాలన్నారు. సైరన్ ఉంచాలనే పక్షానికి అహరోను పెద్ద. తీసెయ్యాలనే పక్షానికి సూర్యారావు పెద్ద. ఆయన ఒకప్పుడు అహరోనుకు షిఫ్టు ఇన్‌చార్జి. తుని నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. సైరన్ కొన్ననాడు అందరికంటే ఎక్కువ ఇచ్చింది ఆయనే. ఇప్పుడెందుకు ఎదురు తిరిగాడో అహరోనుకు అంతుపట్టలేదు. నెల రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు.

కాలనీ అధ్యక్షురాలు నర్సింహమ్మ ఒక నిబంధన పెట్టింది. ప్రచారానికి ఎవరెంత ఇచ్చారో రెండు పక్షాలూ అందరికీ కనిపించేలా ప్రకటించాలి. సైరన్ పక్షానికి వచ్చిందంతా కలిపి పదకొండు వందలు. అహరోను ఇంట్లో దొరికిన కాగితం మీద ఆ పేర్లు రాసి, ఫ్లెక్సీ షాపు నడిపే అంకిత చేతిలో పెట్టాడు.

"గీ పేర్లు కింద పెద్దగ రావాలె బిడ్డా. మా ఎనక ఎవరున్నరో అందరికీ ఎరుక కావాలె."

సాయంత్రానికి ఫ్లెక్సీ హాలు ముందు వేలాడింది. పైన "సైరన్ ఉండాలి! మా వెనుక ఉన్న దాతలు" అని ఉంది. కింద మొట్టమొదటి పేరు: సూర్యారావుగారు, 5 వేలు. తరువాత వీర్రాజు, 4 వేలు. కృష్ణప్రియ టీచర్, 3 వేలు. ముగ్గురూ సైరన్ తీసెయ్యాలని ఇంటింటికీ తిరుగుతున్నవాళ్లే.

అహరోను వెంటనే అంకితకు ఫోన్ చేశాడు.

"కాగితం ఎనక దిక్కు అక్షరాలు మంచిగున్నయ్ అంకుల్. గందుకే గవే కొట్టిన. ఉత్త అయిదు, నాలుగు, మూడు అనే ఉండె. ఎలక్షన్ల అయిదు రూపాయలు ఎవలిస్తరు? వేలు నేనే కలిపిన."

ఆ అమ్మాయి పంపిన ఫోటో చూస్తే, అది భార్య మార్తమ్మ చేతిరాత. క్రిస్మస్‌కు పలావు పంపిన స్టీలు గిన్నెలు ఎవరింట్లో ఎన్ని ఉండిపోయాయో ఆమె రాసుకున్న జాబితా.

తెల్లారేసరికి కాలనీ రెండుగా కాదు, పదహారు ముక్కలుగా చీలింది. వీర్రాజు సూర్యారావును ద్రోహి అన్నాడు. సూర్యారావు ఫ్లెక్సీలో రెండో పేరు చదవమన్నాడు. కృష్ణప్రియ టీచర్‌ను భర్త, తనకు తెలియకుండా మూడు వేలు ఎక్కడివని నిలదీశాడు. అహరోను సొంత పక్షం వాళ్లు ఇంటి మీదికొచ్చారు.

"పన్నెండు వేలొస్తే మాకు కప్పు చాయ్ పొయ్యకపోతివి! యాడ పెట్టినవ్?"

పది గంటలకు ఆ పన్నెండు వేలు లక్షా ఇరవై వేలయ్యాయి. వెనక ఎవరో ప్లాట్ల వ్యాపారి ఉన్నాడనీ, సైరన్ కింది జాగా మీద కన్నేశాడనీ చెప్పుకున్నారు. నర్సింహమ్మ అందరినీ హాలుకు పిలిపించింది.

"లెక్క చెప్పు అహరోనన్నా. లేకుంటే ఓటింగే బంద్."

"గవి పైసలు కావమ్మా, గిన్నెలు!"

హాలంతా నవ్వింది. ఒక్కరూ నమ్మలేదు. మార్తమ్మ కొంగు బిగించి లేచింది.

"నమ్మరా? అయితే ఇండ్లకు పోయి నా గిన్నెలు పట్టుకరాండ్రి. ఈడనే లెక్కవెడ్త. పన్నెండు రాకుంటే నన్నడుగుండ్రి!"

అరగంటలో బల్ల మీద పన్నెండు గిన్నెలు చేరాయి. మార్తమ్మ విజయగర్వంతో మొదటిది ఎత్తి, అంచు మీద చెక్కిన పేరు గట్టిగా చదవబోయి ఆగిపోయింది. నర్సింహమ్మ అందుకుని చదివింది: "సూర్యారావు, కనకమహాలక్ష్మి. గృహప్రవేశం." రెండో దాని మీద వీర్రాజు తల్లి పేరుంది. పన్నెండింటిలో మార్తమ్మవి రెండే తేలాయి.

"అంటే, మా గిన్నెల్లో మాకే పలావు పంపి, మేమే బాకీ అని రాసుకున్నారన్నమాట!" అన్నాడు సూర్యారావు. నెల తరువాత అహరోనుతో ఆయన అన్న మొదటి మాట అదే.

నవ్వుల మధ్య ఆయన భార్య కనకమహాలక్ష్మి మెల్లగా బల్ల దగ్గరికి వచ్చింది. కొంతకాలంగా ఆమె బయట ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఒక గిన్నె తీసి నిమిరింది.

"ఇది మీ పాప నిస్సీ పుట్టినప్పటిది వదినా. ఆ రోజు ఒకటే వాన. మీ వంటింట్లోకి నీళ్లొస్తే మా వరండాలో వండాం. ఉప్పు రెండుసార్లు పడింది."

తరువాత ఇంకో గిన్నె. అది బొంతపల్లి జాతరకు అందరూ లారీలో వెళ్లిన ఏడాదిది. ఒక్కో గిన్నెకూ ఒక్కో రోజు చెప్పింది. వెనక ఉన్నవాళ్లు కూడా బల్ల దగ్గరికి జరిగారు. సూర్యారావు కళ్లజోడు తీసి బయటికి నడిచాడు. అహరోను వెంట వెళ్లాడు.

"ఏమైంది సార్?"

"రెండేళ్ల నుంచి ఆవిడకి రోజులు కలిసిపోతున్నాయయ్యా. పొద్దున్నే సైరన్ కూయగానే లేచి నాకు క్యారేజీ కడుతుంది. షిఫ్టుకి ఆలస్యమవుతోందండీ అంటూ గేటు దగ్గర నిలబడుతుంది. నేను చెప్పులేసుకుని, పాత ఫ్యాక్టరీ గోడ దాకా వెళ్లి కూర్చుని వస్తాను. రోజూ ఆవిడతో అబద్ధమాడలేక తీసెయ్యమన్నాను."

"జెర చెప్తే మేము అడ్డమొస్తుంటిమా సార్?"

"చెప్పుకునే మాటా అది?"

ఆదివారం ఓట్లు పడ్డాయి. ఏడు ఓట్ల తేడాతో సైరన్ గెలిచింది. తన పక్షం ఈలలేస్తుంటే అహరోను తలవంచుకుని సూర్యారావు ఇంటికి వెళ్లాడు.

"మాఫ్ చెయ్యుండ్రి సార్. వదినె కోసమని నేను తీసెయ్యాలనే ఓటేసిన. అయినా గెలిచింది."

సూర్యారావు పక్కన కుర్చీ లాగి ఆయన్ని కూర్చోమన్నాడు.

"నేను ఉండాలని వేశానయ్యా. నిన్న ఆవిడ ఆ గిన్నెలు పట్టుకుని పాత రోజులు చెబుతుంటే తెలిసింది. మిగతా రోజంతా నన్ను ఎవరు బాబూ మీరు అంటుంది. సైరన్ కూసినప్పుడు మాత్రమే ఏవండీ అంటుంది."

మర్నాడు ఆరింటికి సైరన్ కూసింది. సూర్యారావు క్యారేజీ పట్టుకుని గేటు దాటాడు. మలుపు దగ్గర అహరోను, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తనూ ఒక టిఫిను డబ్బాతో నిలబడి ఉన్నాడు. ఇద్దరూ గోడ దాకా నడిచి, నీడన కూర్చుని ఉప్మా పంచుకున్నారు. బుధవారం నాటికి వీర్రాజు కూడా వచ్చి చేరాడు.

మూతపడిన పన్నెండేళ్లకు ఫ్యాక్టరీలో హాజరు మెరుగుపడింది.