గోడకు పట్టిన నెమ్ము

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త ఆఫీసుకు వెళ్లగానే పెయింటరు వస్తాడు. అత్తగారి గదిలో చెక్క బీరువా పక్కన పెచ్చులూడుతున్న గోడను చూస్తాడు. జబ్బేమిటో తేల్చి, గీకి, ఆరబెట్టి, రంగు వేస్తాడు. వచ్చే నెల ఆడపడుచు వచ్చేసరికి ఆ గోడ ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటుంది.

ఈ గుట్టుకు కారణం ఉంది. నిరుటి చలికాలంలో అత్తగారికి నెమ్ము చేసి ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. ఆవిడ తేరుకుని ఇంటికొచ్చిన రోజున ఆడపడుచు గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటూ చెప్పింది: "ఇంకొక్కసారి అమ్మ దగ్గిందని తెలిస్తే నేను తీసుకెళ్లిపోతాను. మళ్లీ పంపను." అప్పటినుంచి రోజూ ఫోను చేసి, పలకరింపు కంటే ముందు "దగ్గు వస్తోందా?" అని అడుగుతుంది. అలాంటి మనిషి కంట చెమ్మగోడ పడితే ఇంకేముంది.

కోడలికి అత్తగారిని పంపడం ఇష్టం లేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, అత్తగారికి అసలే చెప్పలేదు. కాపురానికి వచ్చిన నాటినుంచి వాళ్లిద్దరూ కూరగాయ ముక్కల లావు గురించి వాదించుకుంటున్నారు. అలాంటి ఇద్దరి మధ్య "మీరు లేకపోతే నాకు తోచదు" అన్న మాట గొంతు దాటి రావడం కష్టం.

గోడ విషయంలో మాత్రం ఆమె చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కాలేజీలో ఫిజిక్సు చదువుకున్న మనిషి. గోడ మీద తడి తుడిచి, వంటింట్లో ఉండే అల్యూమినియం రేకు ముక్క కోసి, అంచుల చుట్టూ టేపు వేసి అంటించింది. రేకు వెనక తడిస్తే నీరు గోడలోంచి వస్తున్నట్టు, ముందు తడిస్తే గదిలోంచి. ఆ ఉదయం చూస్తే రేకు వెనక పొడిగా ఉంది, ముందు ముత్యాల్లాగా నీటిబొట్లు. పరీక్ష ఫలితం వచ్చింది గానీ దాని అర్థం బోధపడలేదు. ఆ గదిలో ఉండేది బక్కపలచని అత్తగారు ఒక్కరే. ఆవిడ ఊపిరికి గోడ తడవాలంటే ఆవిడ ఏనుగై ఉండాలి.

పెయింటరు వచ్చి, రేకు ముక్కను పిల్లలు అంటించారనుకుని పీకి అవతల పారేశాడు. గోడకు చెవి ఆనించి వేలి కణుపులతో కొట్టి, కళ్లు మూసుకుని విన్నాడు. లోపల పైపు లీకవుతోందన్నాడు. ఆ గోడలో పైపు లేదని కోడలు చెప్పింది. లేదనుకున్న చోటే పైపులుంటాయని అతను జాలిగా జవాబిచ్చాడు. "నెమ్ము బాగా లోపలికి దిగిందమ్మా. పైపైన పూస్తే నిలవదు, గీకాల్సిందే" అని మొహానికి గుడ్డ కట్టుకుని పని మొదలుపెట్టాడు.

భర్తకు ఒక మాట చెప్పాలి కదా అని కోడలు ఫోను పట్టుకుని వసారాలోకి వెళ్లింది. పక్కన అత్తగారు బట్టలు మడత పెడుతోంది. గోడ అంతగా పాడైందని తెలిస్తే ఆవిడ బెంగపడతారని గొంతు బాగా తగ్గించింది.

"చూడ్డానికి అతనొచ్చాడు. గదిలో... నెమ్ము బాగా లోపలికి దిగిందట. పైపూతలు పనిచేయవట. వదినకు మాత్రం చెప్పకండి."

అవతల ఆఫీసులో ప్రింటరు మోత. "గదిలో" అన్న మాట ఆ మోతలో కలిసిపోయింది, "నెమ్ము" మాత్రం పిడుగులా చెవిలో పడింది. ఆయన నోరు తెరిచేలోపు పెయింటరు పిలిచాడని ఆమె ఫోను పెట్టేసింది. ఆయన మళ్లీ మళ్లీ చేశాడు గానీ ఆమె అప్పటికి బీరువా ఖాళీ చేస్తోంది. ఆయన కడుపులో రహస్యం జల్లెడలో నీళ్లలాంటిది. వెంటనే అక్కకు ఫోను చేశాడు, "నీకు చెప్పొద్దంది" అన్న మాటతోనే మొదలుపెట్టి.

గదిలో పెయింటరు బీరువా అడుగు తట్టి చూసి పెదవి విరిచాడు. మడత పెట్టిన బట్టలు పట్టుకుని అత్తగారు గుమ్మం బయటి దాకా వచ్చింది సరిగ్గా అప్పుడే.

"పాతదైపోయిందమ్మా. లోపలంతా పుచ్చింది. ఇంకా ఇక్కడే ఉంచుకుంటే లాభం లేదు, పంపించేయండి" అంటున్నాడు అతను.

"ఇన్నేళ్లు ఉంది కదా, మనసొప్పడం లేదు" అంది కోడలు. ఆఖరి దుప్పటి బయటికి తీసి, "పోనీ వదిన తీసుకెళ్తుందేమో అడుగుతాను" అంది.

అత్తగారు అడుగుల చప్పుడైనా కాకుండా వెనక్కి తిరిగింది. బట్టలు అల్మరాలో పెట్టలేదు. సంచీలో పెట్టుకుంది.

పక్క ఊరినుంచి ఆడపడుచు వచ్చి, ఈ ఇంటి ముందు ఆటో దిగేసరికి ఆమె వెంట డాక్టరు కూడా ఉన్నాడు. తలుపు తీసింది పెయింటరు. నెత్తిన తెల్లటి దుమ్ము, మొహానికి గుడ్డ, చేతిలో గీకుడు రేకు.

"ఎలా ఉంది?" అంది ఆడపడుచు గుమ్మంలోంచే.

"సగం గీకేశానండి. మిగతాది చెయ్యి పెడితే ఊడొచ్చేస్తోంది."

ఆడపడుచు డాక్టరు భుజం పట్టుకుంది. గదిలోకి పరుగెడితే మంచం ఖాళీగా ఉంది, గోడ మాత్రం చర్మం ఒలిచినట్టుంది. వెనకాలే తమ్ముడు కూడా ఆఫీసునుంచి ఆయాసపడుతూ దిగాడు. అమ్మ ఏదని అందరూ కోడలినే అడిగారు. ఆమెకేం తెలుసు? వెతగ్గా వెతగ్గా అత్తగారు వంటింట్లో స్టూలు మీద, సంచీ ఒళ్లో పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూస్తున్న మనిషిలా కూర్చుని ఉంది.

డాక్టరు ఏమీ అడక్కుండా స్టెతస్కోపు తీశాడు. వీపు మీద, ఛాతీ మీద పెట్టి ఊపిరి పీల్చమన్నాడు. "అంతా శుభ్రంగా ఉంది" అన్నాడు చివరికి. ఆ ముక్క వినగానే ఆడపడుచు వచ్చి అమ్మ పక్కనే కూర్చుంది. ఆ పైన చూపు సంచీ మీద పడింది.

"చూశావా, అమ్మే సర్దుకుని కూర్చుంది" అంది తమ్ముడితో.

కోడలు కూడా ఆ సంచీకేసి చూసింది. ఇన్నాళ్లూ ఆవిడను తనే ఆపి ఉంచిందా? "వెళ్తారా అత్తయ్యా?" అంది నెమ్మదిగా.

"నేనెక్కడ వెళ్తానన్నానే అమ్మాయ్? నువ్వే పంపేస్తానంటివి. పాతదాన్నట, లోపలంతా పుచ్చిందట."

కోడలికి అప్పుడు వెలిగింది. "అతనన్నది బీరువానత్తయ్యా" అంది.

అంతలో గదిలోంచి పెయింటరు కేకేశాడు. బీరువాను ఒక్కడే పక్కకు జరిపాడు. దాని వెనక నేలమీద దొరికాయంటూ ఒక కరెంటు కెటిలు, లోతైన గిన్నె, తడి ఆరని తువ్వాలు వంటింట్లోకి తెచ్చాడు. ఇంట్లో కనబడకుండా పోయిందని కోడలు అందరినీ అనుమానించిన కెటిలు అదే.

"ఆవిరి పడుతున్నారా?" అన్నాడు డాక్టరు.

అత్తగారు తల దించుకుంది. పొద్దునా సాయంత్రం తలుపేసుకుని, కిటికీ బిగించుకుని, కెటిలు మూత తీసి పడుతోందట. నీళ్లన్నీ ఇగిరిపోయేదాకా. చలికాలం మొదలైనప్పటినుంచీ.

"జలుబైనా చేయలేదు కదమ్మా, ఎందుకు?" అంది కూతురు.

"ఒక్కసారి దగ్గితే తీసుకెళ్లిపోతానంటివి. దగ్గే రాకుండా చూసుకుందామని."

ఆడపడుచు కెటిలు మూత తీసి, మళ్లీ పెట్టింది. "మా ఇంటికి రావడం అంత కష్టమా అమ్మా?" అంది.

అత్తగారు కూతురి చెయ్యి లాగి ఒళ్లో పెట్టుకుంది. "నీకు నా మీద ప్రేమ ఎక్కువే. నీ దగ్గరుంటే మంచం దిగనివ్వవు. ఈ పిల్ల నా చేత కూరలు తరిగించి, ముక్కలు లావుగా ఉన్నాయని మళ్లీ తరిగిస్తుంది. అలా విసిగిస్తుంటే నేనింకా పనికొస్తాననిపిస్తుందే."

కోడలు గబగబా వెనక్కి తిరిగి స్టవ్ తుడిచింది. అది తుడిచి ఉన్నదే. తర్వాత సంచీ అందుకుని, బట్టలు ఒక్కొక్కటే తీసి అల్మరాలో పెట్టింది. మడతలు సరిగా లేవని ఒక మాట కూడా అంది. అత్తగారి మొహం వెలిగింది.

డాక్టరు మందు రాయలేదు. కిటికీ తెరిచి ఉంచమన్నాడు. గోడ పూర్తిగా ఆరేదాకా రంగు వేయవద్దని కోడలు పెయింటరుకు చెప్పింది. అతను ఒప్పుకున్నాడు గానీ, పైపు మాత్రం ఎక్కడో ఉండే ఉంటుందని గొణిగాడు. అమ్మను తీసుకెళ్లడానికి వచ్చిన ఆడపడుచు సాయంత్రం ఆ పుచ్చిన బీరువాను తీసుకెళ్లింది. చిన్నప్పుడు దాగుడుమూతల్లో తను దాక్కున్నది అందులోనేనట.

ఇప్పుడు ఆడపడుచు రోజూ ఫోను చేసి మొదట "గోడకెలా ఉంది?" అని అడుగుతోంది, తన సంగతి ఎవరూ అడగడం లేదని అత్తగారు మధ్యమధ్య కావాలనే దగ్గుతోంది.