పందెపు గుర్రాల మ్యూజియంలో పరిగెత్తే విగ్రహం

ఒక పెద్ద అడవిలో ముసలి పందెపు గుర్రాలు మేసుకోవడానికి పచ్చిక బయలు ఒకటే ఉండేది. ఆ గుర్రాలను గౌరవించాలని అడవి కమిటీకి ఒకరోజు గట్టిగా అనిపించింది. అంతే, బయలుకు కంచె వేసి, గుర్రాలను అవతలికి తోలేసి, మధ్యలో గుర్రప్పందేల మ్యూజియం కట్టించింది. గౌరవించడం అంటే కమిటీలకు అదే మరి.

లోపల పాత జీనులు, లాడాలు, పందెం మొదలుపెట్టే ఇత్తడి గంట, గోడల నిండా మేలుజాతి గుర్రాల వంశవృక్షాలు పెట్టారు. నడిమధ్య దిమ్మె మీద నిలబెట్టాల్సింది మెరుపుతీగ విగ్రహం. ఒకప్పుడు పెద్ద పందేలన్నీ గెలిచిన ఆడగుర్రం అది. కమిటీ అధ్యక్షుడు నక్క నరహరయ్య ఆ పని తన బావమరిదికి ఇప్పించాడు. బావమరిది రాయిని ఓసారి కొరికి చూసి, మెత్తబడ్డాక కబురు చేయమని వెళ్లిపోయాడు.

రేపు ప్రారంభోత్సవం అనగా నరహరయ్యకు చెమటలు పట్టాయి. వచ్చేది సింహం దొరవారు. విగ్రహం లేదంటే నక్క తోలులో గడ్డి కూరి దిమ్మె ఎక్కిస్తారు. సరిగ్గా అప్పుడే కంచె అవతల ఎండుటాకులు నములుతున్న మెరుపుతీగ కనిపించింది.

"తల్లీ, రేపొక్క పూట నీ విగ్రహంగా నువ్వే నిలబడమ్మా. కదలకుండా ఉంటే చాలు" అన్నాడు.

"నిలబడితే గడ్డి పెడతావా?"

"మోపులకు మోపులు."

పక్కటెముకలు బయటపడ్డ ముసలిది, పాపం, ఇంకేం అడుగుతుంది. ఒళ్లంతా సుద్ద పులుముకుని దిమ్మె ఎక్కింది.

మర్నాడు దొరవారు ముసుగు లాగగానే అందరూ చప్పట్లు కొట్టారు. చరిత్ర నిపుణుడైన నెమలి మాత్రం, లేని పెదవి విరిచాడు. అసలు మెరుపుతీగను తాను కళ్లారా చూశానని, దాని మెడ ఇంకా పొడుగని, ఈ విగ్రహంలో జాతి లక్షణాలు బొత్తిగా లేవని ఉపన్యాసం దంచాడు. మెరుపుతీగకు ఒళ్లు మండింది గానీ గడ్డి గుర్తొచ్చి ఊరుకుంది.

అక్కడితో ఆగితే అంతా సవ్యంగా గడిచిపోయేది. కమిటీకేమో హంగామా లేనిదే తోచదు. జ్యోతి వెలిగిస్తే అడవి అంటుకుంటుందని, బదులుగా దొరవారి చేత పందెం గంట కొట్టించారు.

పందెపు గుర్రం పక్కన గంట మోగాక ఇంకేముంది. వయసూ ఆకలీ ఒప్పందమూ అన్నీ మరిచి, మెరుపుతీగ ఒక్క దూకు దూకింది. వంశవృక్షాలను చీల్చుకుంటూ బయటపడింది. తప్పుకోలేని నెమలి దాని వీపు మీద పడి, రౌతులాగా మెడ కరుచుకున్నాడు. మెడ పొడుగే అని అప్పుడు తెలిసొచ్చింది. కంచె ఫెళఫెళా విరిగింది. పరిగెడుతున్నది ఒక్క గుర్రమే అయినా కుందేళ్లు పందేలు కాశాయి, కొన్ని ఓడిపోయాయి కూడా.

బయలంతా చుట్టొచ్చి, రొప్పుతూ మళ్లీ దిమ్మె ఎక్కి నిలబడింది మెరుపుతీగ. నరహరయ్య కళ్లు మూసుకున్నాడు.

దొరవారు కళ్లు తుడుచుకున్నారు. "రాయే ఇలా పరిగెడితే అసలు గుర్రం ఎలా పరిగెత్తేదో కదయ్యా. పాపం, ఆ మహాతల్లి బతికుంటే కడుపు నిండా మేపేవాణ్ణి" అన్నారు. ఇకమీదట వారం వారం వస్తామని, ఏనాడైనా విగ్రహం పరిగెత్తకపోతే దిమ్మె మీద అధ్యక్షుడే ఉంటాడని చెప్పి వెళ్లారు.

నరహరయ్య దిమ్మె ముందు చేతులు కట్టుకుని ఏం కావాలో అడగమన్నాడు.

"మోపులు నాకొద్దు. ఆ కంచె మళ్లీ కట్టకు. మావాళ్లను లోపలికి రానీ" అంది మెరుపుతీగ.

"వాళ్లు ఉత్త ముసలి గుర్రాలు కదమ్మా. మ్యూజియంలో వాళ్లకేం పని?"

"వాళ్లకూ సుద్ద పూయించు."

ఇప్పుడా బయల్లో ముసలి గుర్రాలన్నీ తెల్లగా మెరిసిపోతూ పచ్చిక మేస్తున్నాయి. ఎవరైనా చూడ్డానికి వస్తే కాసేపు నమలడం ఆపుతాయి.

నీతి: గడ్డి దొరకాలంటే బతికుంటే చాలదు, విగ్రహమైపోవాలి.