అరిగిన వాల్యూమ్‌కు జేజేలు

పాఠక మహాశయులారా, మీ ఇంట్లో గానీ, మీ సంఘం హాల్లో గానీ వాల్యూమ్ కంట్రోల్ అరిగిపోయిన ఆంప్లిఫయర్ ఉంటే, దాన్ని పొరపాటున కూడా బాగుచేయించకండి! మనుషుల మధ్య సఖ్యతకు అంతకు మించిన సాధనం లేదు. ఊరికే అనడం లేదు. మా అపార్ట్‌మెంట్ల సంఘమే అందుకు సాక్ష్యం.

మా హాల్లో ఒక పాత ఆంప్లిఫయర్ ఉంది. దాని వాల్యూమ్ నాబ్ తిప్పితే ముందు గరగర, తర్వాత బరబర, ఆ పైన నిశ్శబ్దం. నడుమ ఎక్కడో కాసేపు గొంతు వినిపిస్తుంది. అది ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు.

దీనివల్ల మాకు జరిగిన మేలు అంతా ఇంతా కాదు. మా అధ్యక్షుల వారి ప్రసంగం ఎంత పొడుగు సాగినా చెవిన పడేది పిడికెడే. "సోదర సోదరీమణులారా" అన్నది వినిపిస్తుంది. తర్వాత గరగర. "మనందరి క్షేమం కోసమే" అన్నది వినిపిస్తుంది. మళ్ళీ గరగర. చివర్లో "ఆమోదమేనా?" అన్నది ఖంగుమంటుంది. క్షేమం కోసం అన్నాక ఆమోదించక ఏం చేస్తాం? చప్పట్లు కొడతాం. వెనక వరసలో కునుకు తీస్తున్న లెక్కల మాస్టారు ఆ చప్పుడుకు లేచి ఆయనా కొడతారు.

పక్క భవనం వాళ్ళ మైకు భేషుగ్గా పనిచేస్తుంది. ఏం లాభం? సమావేశం పెట్టిన ప్రతిసారీ ఎవరో ఇద్దరి మధ్య మాటలు ఆగిపోతున్నాయి!

ఇంత చల్లని సంసారంలో నిప్పులు పోసింది మా పిన్ని. మా అమ్మకు చెల్లెలు. మా పై అంతస్తులో ఒక్కతే ఉంటుంది. సాయంత్రాలు మెట్ల పక్కనున్న సంఘం గదిలో పిల్లలకు పాటలు నేర్పుతుంది. ఒకరోజు దిగి వచ్చేసరికి ఆ గదికి కొత్త తాళం వేలాడుతోంది. పిల్లలు మెట్ల మీద బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నారు. వాచ్‌మన్‌ను అడిగితే, అధ్యక్షుల వారి బావమరిది సామాన్లు పెట్టుకోవడానికి గది ఇచ్చేశారనీ, పోయిన సమావేశంలో అందరూ ఒప్పుకున్నారనీ చెప్పాడట. ఆ సమావేశం నాడు పిన్ని జ్వరంతో మంచం మీద ఉంది.

ఆవిడ నేరుగా మా ఇంటికి వచ్చింది.

"ఏరా, నా గది ఇచ్చెయ్యడానికి నువ్వూ ఒప్పుకున్నావట?"

"గది మాటే రాలేదు పిన్నీ. మనందరి క్షేమం కోసం అన్నారు, అంతే."

"ఆ ముందు ఏమన్నారు?"

"గరగర అన్నారు."

పిన్ని నన్ను తిట్టలేదు. కుర్చీలో కూర్చుని, పిల్లలకు ఏం చెప్పను అని మాత్రం అంది. ఆ గొంతు విని మా ఆవిడ చేస్తున్న పని ఆపి వచ్చి పిన్ని పక్కన నిలబడింది. ఇద్దరూ నా వైపే చూశారు.

మర్నాడు పిన్ని ఆంప్లిఫయర్‌ను నా చేతే మోయించి రేడియో మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్ళింది. తానే బాగుచేయిస్తానంటే సంఘం కార్యదర్శి ఎందుకు కాదంటాడు? సంతోషంగా హాలు తాళాలిచ్చాడు. మెకానిక్ మూత విప్పి, నాబ్ వెనక సందులోకి క్లీనర్ స్ప్రే కొట్టి, అటూ ఇటూ బాగా తిప్పాడు. గరగర తగ్గింది గానీ పోలేదు. లోపలి నల్ల పట్టీ అరిగిపోయిందనీ, ఎంత శుభ్రం చేసినా మళ్ళీ మొదటికే వస్తుందనీ, మార్చాల్సిందేననీ అన్నాడు. కాస్త గరగర ఉంచమని బతిమాలాను. పరాచికాలాడుతున్నాననుకుని నవ్వి, కొత్త కంట్రోల్ వేసేశాడు.

తర్వాతి సమావేశంలో అనర్థం జరిగిపోయింది. అధ్యక్షుల వారి ప్రతి అక్షరమూ హాలంతా మోగింది! ఆయన అలవాటు కొద్దీ చదువుకుంటూ పోయారు. మేడ మీద బట్టలారేసుకునే చోటు కూడా బావమరిదికే అప్పగిస్తున్నామనీ, మనందరి క్షేమం కోసమేననీ, ఆమోదమేనా అనీ అడిగారు. తన గొంతు తనకే వినబడి సగంలోనే ఆయన మొహం పాలిపోయింది.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. పిన్ని లేచి నిలబడింది.

"వినిపించిందండీ. ఒప్పుకోవడం లేదు. ఆ కింద గది తాళం కూడా ఇటివ్వండి."

ఆ వెనకే ఒక్కొక్కరూ లేచారు. ఆ ధ్వనికి కునుకు పట్టని లెక్కల మాస్టారు, ఇన్నాళ్ళూ ఏమేం ఆమోదించామో మొదటినుంచీ చెప్పమని పట్టుబట్టారు. తాళం పిన్ని చేతికి వచ్చేదాకా ఎవరూ కదల్లేదు.

చూశారా, ఎంత అన్యాయమో! ఇప్పుడు సాయంత్రమైతే మెట్ల దగ్గర పిల్లల పాటలు. సమావేశాల్లో ప్రశ్నలు. ఏ విషయమైనా అర్థం చేసుకుని మరీ చేయి ఎత్తాల్సిన దుస్థితి!

మా కష్టం చూడలేక అధ్యక్షుల వారు ఒక ఉపాయం ఆలోచించారు. కొత్త సెట్ కొందామంటున్నారు. దానికి తిప్పే నాబ్ ఉండదట, అరిగే పట్టీ ఉండదట. శబ్దం పెంచడం, తగ్గించడం అంతా ఆయన ఫోన్‌లోనే. గరగర అన్నదే ఉండదు. వినకూడని చోట హాయిగా నిశ్శబ్దం!

కొనాలా వద్దా అన్నది మాత్రం, పాపం, ఆయన ఈ మైకులోనే అడగాలి.